అన్నిటికీ "రోజర్" అంటే ఎందుకు కుదరదు?

మీరు అడిగినవి ముందు ఒకచోట పెట్టుకుందాం. పైలట్ ట్రైనింగ్‌లో సోలోకి (ఒంటరిగా విమానం నడపడానికి) దగ్గరపడ్డారు, రేడియో వాడే లైసెన్స్ కోసం ఆర్‌టీఆర్ పరీక్ష కూడా ముందుంది. టవర్ "హోల్డ్ షార్ట్" (రన్‌వే మీదికి రాకుండా బయటే ఆగండి) అంటే మీరు "రోజర్" అన్నారు, ఫ్లయింగ్ అయ్యాక ఇన్‌స్ట్రక్టర్ గట్టిగా క్లాసు పీకారు. వినపడిందని చెప్పడమే కదా, అందులో తప్పేంటన్నది మొదటి ప్రశ్న. క్లియరెన్స్ (కంట్రోలర్ ఇచ్చే అనుమతి) సగమే చెవిన పడితే ఏం చేయాలన్నది రెండోది. అమెరికాలో ట్రైనింగ్ అవుతున్న మీ అన్నయ్య అవును అనడానికి "అఫర్మేటివ్" అంటుంటే ఇక్కడ "అఫర్మ్" అనమంటున్నారు, ఏది కరెక్ట్ అన్నది మూడోది.

నేను పైలట్‌ని కాను. చాలా ఏళ్ళు టవర్‌లోనూ అప్రోచ్‌లోనూ హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్న కంట్రోలర్‌ని. అందుకే మీ మాట అవతలి చెవిలో ఎలా పడుతుందో ఆ వైపు నుంచి చెబుతాను. పుస్తకంలో ఉన్న పట్టిక మీ ఇన్‌స్ట్రక్టర్ ఎలాగూ చెబుతారు.

"రోజర్" అంటే "మీరు ఇప్పుడు పంపినదంతా నాకు అందింది" అని మాత్రమే. ఒప్పుకున్నానని కాదు, చేస్తానని కాదు, అవునని అంతకన్నా కాదు. సినిమాల పుణ్యమా అని అది "సరే బాస్" లాగా వాడకంలోకి వచ్చేసింది గానీ రేడియోలో దాని పని చాలా చిన్నది.

మీ హోల్డ్ షార్ట్ సంగతే తీసుకోండి. బేగంపేట లాంటి ఫీల్డ్, రన్‌వే 09 వాడుకలో ఉందనుకుందాం. మీరు సెస్నాలో హోల్డింగ్ పాయింట్ వైపు టాక్సీ చేస్తున్నారు. ఫైనల్‌లో, అంటే దిగడానికి రన్‌వేకి సూటిగా, ఇంకో విమానం వస్తోంది. నేను అంటాను: "విక్టర్ బ్రావో చార్లీ, హోల్డ్ షార్ట్ రన్‌వే జీరో నైనర్." మీరు "రోజర్" అని ఊరుకున్నారు. ఇప్పుడు నాకు కొత్తగా తెలిసిందేంటి? మీ రేడియో పనిచేస్తోంది, నేను ఏదో అన్నానని మీకు తెలుసు. అంతే. అందులో మీకు "హోల్డ్ షార్ట్" వినపడిందో "లైన్ అప్" (రన్‌వే మీదికి వచ్చి నిలబడండి) వినపడిందో తెలియదు. కాల్‌సైన్ (రేడియోలో మీ విమానం పేరు, ఇక్కడ విక్టర్ బ్రావో చార్లీ) చెప్పలేదు కాబట్టి, జవాబిచ్చింది మీరో, పొరపాటున పక్క విమానం వాళ్ళో కూడా తెలియదు. మళ్ళీ బటన్ నొక్కి, రీడ్‌బ్యాక్ (విన్నది తిరిగి చదవడం) చెప్పమని అడగాలి. మీ జవాబు వచ్చేదాకా నా కళ్ళు మీ నోస్ వీల్ మీదే ఉంటాయి, పసుపు గీత దగ్గర ఆగుతోందా దాటుతోందా అని. ఈలోగా ఫైనల్‌లో ఉన్న ఆయన ల్యాండింగ్ క్లియరెన్స్ కోసం ఎదురు చూస్తుంటాడు.

అదే మీరు "హోల్డింగ్ షార్ట్ రన్‌వే జీరో నైనర్, విక్టర్ బ్రావో చార్లీ" అని ఉంటే, ఆ ఒక్క వాక్యంతో నా పని అయిపోయేది. ఏం విన్నారో తెలిసింది, ఏ రన్‌వే అనుకుంటున్నారో తెలిసింది, మాట్లాడింది ఎవరో తెలిసింది. నా కళ్ళు ఫైనల్ వైపు తిప్పుకోవచ్చు.

మరి ఏవి తిరిగి చెప్పాలి? ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) నియమాల్లోని అనెక్స్ 11లో ఈ జాబితా ఉంది, పరీక్షలో కూడా ఇదే అడుగుతారు. రూట్ క్లియరెన్స్ మొత్తం. రన్‌వేకి సంబంధించిన ఏ మాటైనా: దాని మీదికి వెళ్ళడం, దిగడం, టేకాఫ్, బయటే ఆగడం, దాటడం, బ్యాక్‌ట్రాక్ (రన్‌వే మీదే ఎదురు దిశలో టాక్సీ). ఆ తర్వాత వాడుకలో ఉన్న రన్‌వే, క్యూఎన్‌హెచ్ (ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో పెట్టే ప్రెషర్), స్క్వాక్ కోడ్ (రాడార్‌లో మిమ్మల్ని గుర్తుపట్టే నాలుగంకెలు), లెవెల్ (ఎగరాల్సిన ఎత్తు), హెడ్డింగ్ (విమానం ముఖం పెట్టాల్సిన దిశ), స్పీడ్, ట్రాన్సిషన్ లెవెల్ (దిగేటప్పుడు ఆల్టిమీటర్‌ని క్యూఎన్‌హెచ్‌కి మార్చే ఎత్తు). జాబితా బట్టీ పట్టడం కన్నా దాని వెనకున్న లెక్క పట్టుకోండి: తప్పు విని అలాగే చేస్తే విమానం ఉండకూడని చోట ఉంటుంది అనుకున్నవన్నీ అందులో ఉన్నాయి. ఫ్రీక్వెన్సీ మార్పు కూడా చదివేయండి. తప్పు ఫ్రీక్వెన్సీకి వెళ్ళిపోయిన స్టూడెంట్‌ని వెతుక్కోవడం మాకెంత తలనొప్పో మీకు తెలియదు.

గాలి వివరం చదవక్కర్లేదు. "విండ్ జీరో ఎయిట్ జీరో డిగ్రీస్, సిక్స్ నాట్స్, క్లియర్డ్ టు ల్యాండ్ రన్‌వే జీరో నైనర్" అంటే "క్లియర్డ్ టు ల్యాండ్ రన్‌వే జీరో నైనర్" అని కాల్‌సైన్ చెబితే చాలు. కొందరు భయంతో గాలితో సహా మొత్తం అప్పజెబుతారు. అది కూడా మంచి అలవాటు కాదు, ఫ్రీక్వెన్సీ నిండిపోతుంది.

"విల్కో" వేరు. అర్థమైంది, చెప్పినట్టు చేస్తాను అని దాని భావం. "రిపోర్ట్ డౌన్‌విండ్" (దిగే ముందు రన్‌వేకి సమాంతరంగా ఎదురు దిశలో ఎగిరే దశకు రాగానే చెప్పండి) అన్నప్పుడు "విల్కో, విక్టర్ బ్రావో చార్లీ" సరిగ్గా సరిపోతుంది. చేయాల్సిన పని ఉంది కానీ అంకె లేదు, రన్‌వే లేదు. ఇక "అప్రోచ్‌లో పక్షులు తిరుగుతున్నాయి", "పది నిమిషాలు ఆలస్యం కావచ్చు" లాంటి సమాచారానికి "రోజర్" చక్కగా పనికొస్తుంది. దాని అసలు చోటు అదే. ప్రశ్నకు మాత్రం ఎప్పుడూ రోజర్ చెప్పకండి. "కన్ఫర్మ్ రన్‌వే వెకేటెడ్?" (రన్‌వే ఖాళీ చేశారా) అని నేనడిగితే నాకు కావాల్సింది "అఫర్మ్" లేదా "నెగెటివ్". అక్కడ "రోజర్" అంటే మీరు నా ప్రశ్న విన్నారు, జవాబు ఇవ్వలేదు.

"స్టాండ్‌బై" గురించి ఒక మాట. మేము అది అన్నామంటే ఆగండి, మేమే పిలుస్తాం అని. అది అనుమతీ కాదు, నిరాకరణా కాదు. మీరూ మాకు అనొచ్చు. చెక్‌లిస్ట్ మధ్యలో ఉన్నప్పుడో, చేతులు ఖాళీ లేనప్పుడో "స్టాండ్‌బై" అనేస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

మైకు రెండుసార్లు టిక్కుటిక్కుమనిపించి జవాబిచ్చేశాం అనుకునే బాపతు కూడా ఉన్నారు. వాళ్ళ దగ్గర నేర్చుకోకండి.

"టేకాఫ్" అనే మాట చాలా తక్కువ చోట్ల వినపడేలా ఎందుకు కట్టడి చేశారో తెలుసుకుంటే మిగతా నియమాలన్నీ తేలిగ్గా గుర్తుంటాయి. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫే ఎయిర్‌పోర్టులో రెండు 747లు రన్‌వే మీదే ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. పొగమంచులో టవర్‌కి రన్‌వే కనపడటం లేదు. వాటిలో ఒకటైన కేఎల్‌ఎం విమానానికి వచ్చింది రూట్ క్లియరెన్స్ మాత్రమే. కో-పైలట్ దాన్ని తిరిగి చదివి, చివర్లో "ఇప్పుడు టేకాఫ్ దగ్గరున్నాం" అన్నట్టుగా ఒక మాట కలిపాడు. కంట్రోలర్ అది విని, ఇంకా నిలబడే ఉన్నారనుకున్నాడు. "ఓకే" అని ఒక క్షణం ఆగి, "స్టాండ్‌బై ఫర్ టేకాఫ్, నేను పిలుస్తాను" అన్నాడు. సరిగ్గా ఆ సమయానికే రెండో విమానం, పాన్యామ్ వాళ్ళు "మేమింకా రన్‌వే మీదే టాక్సీ చేస్తున్నాం" అని ప్రసారం చేశారు. రెండూ ఒకదానిమీద ఒకటి పడి కేఎల్‌ఎం కాక్‌పిట్‌లో కీచుమన్న చప్పుడు వచ్చింది. స్పష్టంగా వినపడింది "ఓకే" ఒక్కటే. అప్పటికే విమానం కదులుతోంది.

ఆ ప్రమాదానికి ఇంకా చాలా కారణాలున్నాయి, మాటల మీదే నెట్టేయడం న్యాయం కాదు. కానీ ఆ తర్వాతే "టేకాఫ్" అన్న మాటను టేకాఫ్ క్లియరెన్స్ ఇవ్వడానికీ, దాన్ని రద్దు చేయడానికీ మాత్రమే వాడాలన్న పద్ధతి గట్టిపడింది. మిగతా చోట్లన్నీ "డిపార్చర్" అంటాం. మీరు కూడా "రెడీ ఫర్ డిపార్చర్" అనే అనాలి. "ఓకే" అన్నదానికి రేడియోలో ఖాయమైన అర్థం లేదు కాబట్టి దాన్ని మీ నోట్లోంచి తీసేయండి.

అంకెల దగ్గర మన తెలుగువాళ్ళకు, ఆ మాటకొస్తే దేశంలో అందరికీ, ఒక అలవాటు ఉంది. ఫోన్ నంబర్ చెప్పేటప్పుడు "డబుల్ నైన్, ట్రిపుల్ ఫోర్, ఓ" అంటాం. రేడియోలో ఇవేవీ ఉండవు. స్క్వాక్ 4400 అంటే "ఫోర్ ఫోర్ జీరో జీరో". సున్నాని "ఓ" అనకూడదు. తొమ్మిది "నైనర్", ఎందుకంటే గరగర మధ్యలో నైన్‌కీ ఫైవ్‌కీ తేడా పోతుంది. ఫ్రీక్వెన్సీలో చుక్క "డెసిమల్". వేగం నిమిషానికి 100 మాటలు దాటకూడదని ఐకావో చెబుతుంది. మనం ఇంట్లో మాట్లాడుకునే స్పీడుకి అది చాలా నిదానంగా అనిపిస్తుంది, మొదట్లో కావాలని తగ్గించుకోవాలి.

ఒక్క అంకె ఎంత పని చేస్తుందో చూడండి. 1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్ దగ్గర ఫ్లయింగ్ టైగర్ సంస్థ కార్గో 747కి కంట్రోలర్ 2400 అడుగులకు దిగమన్నాడు. ఆయన అన్న తీరు "డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో". కాక్‌పిట్‌లో ఆ "టూ" అంకెలా కాకుండా "నాలుగు వందలకు" అన్నట్టు వినపడింది. "ఓకే, ఫోర్ జీరో జీరో" అని చదివారు కూడా. కంట్రోలర్ ఆ తేడా పట్టుకోలేదు. విమానం కొండను ఢీకొంది, అందులో ఉన్న నలుగురూ చనిపోయారు. "టూ థౌజండ్ ఫోర్ హండ్రెడ్ ఫీట్" అని ఉంటే ఆ గందరగోళానికి చోటే లేదు. మీ వైపు నుంచి రీడ్‌బ్యాక్ ఎంత ముఖ్యమో, మా వైపు నుంచి దాన్ని చెవి పెట్టి వినడం అంతే ముఖ్యం. దాన్ని మేము హియర్‌బ్యాక్ అంటాం. బిజీగా ఉన్నప్పుడు ఏ కంట్రోలర్‌కైనా ఊహించినదే వినపడే ప్రమాదం ఉంది, అందుకే మీరు నిదానంగా, స్పష్టంగా చెబితే మాకూ తప్పు దొరుకుతుంది.

రీడ్‌బ్యాక్ సరిగ్గా ఉన్నంత మాత్రాన అంతా సరిగ్గా ఉన్నట్టూ కాదు. 2022 మే 23న పారిస్ చార్ల్స్ డి గాల్‌లో దిగబోతున్న ఒక ఏ320కి, అసలు క్యూఎన్‌హెచ్ 1001 అయితే కంట్రోలర్ 1011 అని చెప్పారు. సిబ్బంది 1011 అని శుద్ధంగా చదివారు. 10 హెక్టోపాస్కల్స్ తేడా అంటే 280 అడుగుల దాకా ఎత్తు తేడా. వానలో రన్‌వే కనపడక, ఇంకా రన్‌వే రాకముందే నేలకు ఆరడుగుల ఎత్తుదాకా వచ్చి గో-అరౌండ్ అయ్యారు, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేచారు. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. నేను చెప్పినంత మాత్రాన నమ్మేయకండి అని నా విద్యార్థులకు నేను చెప్పే మాట ఇక్కడి నుంచే వచ్చింది. ఏటిస్‌లో (రికార్డు చేసి వినిపించే ఎయిర్‌పోర్టు సమాచారంలో) విన్న క్యూఎన్‌హెచ్ మోకాలి మీద ప్యాడ్‌లో రాసుకుని ఉంటారు కదా, నేను ఇచ్చిన అంకె దానితో పోల్చండి. తేడా ఉంటే వెంటనే "కన్ఫర్మ్ క్యూఎన్‌హెచ్" అని అడగండి.

2024 జనవరి 2న టోక్యో హనెడాలో జరిగింది ఇంకో రకం. నోటో భూకంప బాధితులకు సామాను తీసుకెళ్తున్న కోస్ట్‌గార్డ్ విమానానికి టవర్ "నంబర్ వన్, టాక్సీ టు హోల్డింగ్ పాయింట్ సీ5" అని చెప్పింది. వాళ్ళు సీ5 అనే చదివారు, నంబర్ వన్ అని కూడా కలిపారు, థాంక్యూ కూడా చెప్పారు. పేపరు మీద తప్పే లేదు. కానీ విమానం హోల్డింగ్ పాయింట్ దాటి రన్‌వే మీద నిలబడింది. తనకు రన్‌వే మీదికి వెళ్ళేందుకు అనుమతి వచ్చిందనుకున్నానని కెప్టెన్ తర్వాత చెప్పారు. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350 దాన్ని ఢీకొంది. కోస్ట్‌గార్డ్ విమానంలో ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు, ఏ350లో ఉన్న 379 మందీ మంటల్లోంచి బయటపడ్డారు. ఆ తర్వాత జపాన్‌లో డిపార్చర్ వరస నంబర్ చెప్పడాన్ని కొంతకాలం ఆపేశారు. "నంబర్ వన్" అంటే వరసలో ముందున్నారని, అంతేగానీ రన్‌వే మీదికి రమ్మని కాదు. "లైన్ అప్ అండ్ వెయిట్" అనో "క్లియర్డ్ ఫర్ టేకాఫ్" అనో వినకుండా గీత దాటే హక్కు మీకు లేదు. అనుమానం వస్తే బ్రేక్ తొక్కి అడగండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, సగం వినపడితే ఏం చేయాలి అని. సమాధానం చిన్నదే: "సే అగైన్". మొత్తం వద్దు, ఒక్క ముక్కే మిస్సయితే "సే అగైన్ స్క్వాక్" అనండి, ఆ ముక్కే చెబుతాం. కానీ అసలు ఇబ్బంది మీకు మాట తెలియకపోవడం కాదు, నోరు రాకపోవడం. మనవాళ్ళలో ఇది నేను పదే పదే చూశాను. అవతల గొంతు పెద్దమనిషిదిలా ఉంటే, కాస్త విసుగ్గా కూడా ఉంటే, మళ్ళీ అడగడానికి మొహమాటం. "ఏం వినలేదా?" అంటారేమోనని భయం. దాంతో వినపడినంత చదివేసి, మిగతాది ఊహించి చెప్పేస్తారు. లేదా "ఓకే సర్, థాంక్యూ సర్" అంటారు. మర్యాదగా మాట్లాడండి, గుడ్ మార్నింగ్ చెప్పండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ కాల్‌సైన్ ఉండాల్సిన చోట "సర్" కూర్చోబెట్టకండి.

ఈ మొహమాటం మన ఒక్కళ్ళ సొత్తు కాదు. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వెళ్తున్న ఏవియాంకా 52 విమానాన్ని వాతావరణం బాగాలేక గాలిలో గంటకు పైగా తిప్పారు. ఇంధనం అడుగంటింది. వాళ్ళు కంట్రోలర్లతో "ప్రయారిటీ" కావాలన్నారు, ఇంధనం అయిపోతోందన్నారు, కానీ ఎమర్జెన్సీ అన్న మాట రేడియోలో అనలేదు. ఒక ల్యాండింగ్ ప్రయత్నం విఫలమయ్యాక కంట్రోలర్ మళ్ళీ కాస్త దూరం తిప్పి తీసుకొస్తాను, మీకూ మీ ఇంధనానికీ ఫర్వాలేదా అని సూటిగానే అడిగాడు. వచ్చిన జవాబు, "ఫర్వాలేదనుకుంటా, చాలా థాంక్స్". కాసేపటికి ఇంజిన్లు ఆగి లాంగ్ ఐలండ్‌లోని కోవ్ నెక్ దగ్గర కూలింది. 158 మందిలో 73 మంది పోయారు. ఆ కంట్రోలర్ స్థానంలో నన్ను ఊహించుకుంటే నాకు అర్థమయ్యేది ఒక్కటే: అవతలి గొంతులో ఆందోళన ఉన్నా, నిర్దిష్టమైన పదం రాకపోతే మేము అందరిలాగే మిమ్మల్ని కూడా వరసలో పెడతాం. ప్రయారిటీ కావాలని రోజూ చాలామంది అంటారు.

ఇప్పుడు దీనికి ఖచ్చితమైన మాటలున్నాయి. "మినిమమ్ ఫ్యూయల్" అంటే ఇక మీదట ఆలస్యమైతే రిజర్వ్‌లోకి (తప్పక మిగలాల్సిన ఇంధనంలోకి) పోతామని ముందస్తు హెచ్చరిక, దానికి ప్రత్యేక వరస ఇవ్వం. దిగేటప్పటికి చివరి రిజర్వ్ కూడా మిగలదని తేలిపోతే "మేడే మేడే మేడే ఫ్యూయల్". అది వినగానే అందర్నీ పక్కకు జరిపి మీకు దారి ఇస్తాం. ప్రాణాపాయం లేదు గానీ త్వరగా సాయం కావాలంటే "పాన్ పాన్", మూడుసార్లు. ఈ మాటలు వాడినందుకు ఎవరూ మిమ్మల్ని తక్కువ చేయరు. వాడకపోవడం వల్లనే మాకు టెన్షన్.

"అనేబుల్" (మీరు చెప్పింది చేయలేను) కూడా అలాంటి మాటే. నేను చెప్పిన హెడ్డింగ్‌లో మీ ముందు పెద్ద మేఘం ఉందనుకోండి. నా స్క్రీన్ మీద మీ కిటికీ కనపడదు. "అనేబుల్ డ్యూ వెదర్, రిక్వెస్ట్ హెడ్డింగ్ వన్ టూ జీరో" అనండి. కాదనడంతో పాటు ఏం కావాలో చెబితే నా పని తేలిక. మీరు చదివినది తప్పని మధ్యలో తెలిస్తే ఆపి "కరెక్షన్" అని సరైనది చెప్పండి, కంగారుపడి మొదటి నుంచి మొదలుపెట్టకండి.

అలవాటు చేసుకోవడానికి నేను చెప్పేది ఇది. ఎవరితోనైనా ఇంట్లో క్లియరెన్స్‌లు చదివించుకుని, పెన్నుతో పొట్టి గుర్తుల్లో రాసుకుని, రాసిన కాగితం చూసి చదవండి. జ్ఞాపకం మీద చదివినప్పుడే నిన్నటి స్క్వాక్ ఇవాళ నోట్లోకి వస్తుంది. బటన్ నొక్కి ఒక్క క్షణం ఆగి మాట్లాడండి. చాలామందికి మొదటి అక్షరాలు తెగిపోతాయి, పోయేది కాల్‌సైనే. నొక్కే ముందు ఎవరైనా మాట్లాడుతున్నారేమో వినండి. అలాగే, కంట్రోలర్ మీ కాల్‌సైన్‌ని ముందు కుదించాకే మీరు కుదించండి. ఒకేలాంటి కాల్‌సైన్లు ఫ్రీక్వెన్సీలో రెండు ఉంటే మేము కావాలనే పూర్తి పేరు వాడుతుంటాం.

ఇక మీ అన్నయ్య సంగతి. ఆయన తప్పు చెప్పడం లేదు, అక్కడ "అఫర్మేటివ్" అనే అంటారు. ఐకావో పద్ధతిలో "అఫర్మ్" అని కత్తిరించారు, ఎందుకంటే పూర్తి మాటలో మొదటి అక్షరాలు తెగిపోతే చివర మిగిలేది "టివ్", "నెగెటివ్" చివర కూడా అదే. అమెరికాలో ఫ్రీక్వెన్సీకి "పాయింట్", ప్రెషర్ అంగుళాల్లో. ఇక్కడ "డెసిమల్", హెక్టోపాస్కల్స్. రన్‌వే మీద నిలబెట్టడానికి అక్కడ 2010 దాకా "పొజిషన్ అండ్ హోల్డ్" అనేవారు, తర్వాతే మనలాగా "లైన్ అప్ అండ్ వెయిట్"కి మారారు. ఆయన లైసెన్స్ మార్పిడికి ఇక్కడికి వచ్చినప్పుడు ఎక్కువ ఇబ్బంది పెట్టేది క్యూఎన్‌హెచ్. 992 హెక్టోపాస్కల్స్‌ని "నైనర్ నైనర్ టూ" అంటే, అంగుళాలకు అలవాటు పడ్డ చెవి దాన్ని 29.92 అనుకునే ప్రమాదం ఉంది. అసలు 992 అంటే 29.29 అంగుళాలు. తేడా 600 అడుగుల దాకా వస్తుంది, అదీ మీరు అనుకున్నదానికన్నా కిందికి. 1000 కన్నా తక్కువ ప్రెషర్ వచ్చినప్పుడు చివర "హెక్టోపాస్కల్స్" అని కలిపి చదవమని ఆయనకు ఇప్పుడే చెప్పి పెట్టండి.